చక్రం మీద మసి.. రెజ్యూమెలో ఖాళీ

మీది మెకానికలా, కెమికలా, మామూలు బీఎస్సీనా? ఏదైనా పర్లేదు. ఈసారి మీ వీధిలో అలాయ్ వీల్స్ ఉన్న కారు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. ముందు చక్రాలు, వెనక చక్రాలు చూడండి. చాలా కార్లకు ముందువి నల్లగా, ఎర్రమట్టి కలిసిన మసి పట్టినట్టు ఉంటాయి. వెనకవి కాస్త తేటగా ఉంటాయి. ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను ఓ ఇంటర్వ్యూలో అడిగారు. పుస్తకాల్లో చదివినందుకు కాదు, చేతులు నల్లబడేలా తోమినందుకు జవాబు చెప్పగలిగాను. బ్రేక్ వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులదే. పైగా మన దగ్గర చాలా చిన్న కార్లకు ముందు డిస్క్, వెనక డ్రమ్ము ఉంటాయి. డ్రమ్ములో అరిగిన పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. డిస్క్ దగ్గర రాలింది నేరుగా చక్రం మీదకే ఎగురుతుంది.

జవాబు ఇంతే. ఇది తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్ని రెండేళ్లపాటు దాచాను కూడా. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో రాలేదు. ఇంట్లో కూర్చుంటే చుట్టాల ప్రశ్నలు. విజయవాడలో మా మేనమామకు వాటర్ సర్వీసింగ్ సెంటర్ ఉంది. 'ఊరికే ఎందుకురా అల్లుడూ, వచ్చి లెక్కలు చూడు' అన్నాడు. లెక్కలు పొద్దున ఓ గంటలో అయిపోయేవి. మిగతా రోజంతా ప్రెషర్ గన్, షాంపూ బకెట్, బ్రష్. ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే మాత్రం 'గేట్‌కి ప్రిపేరవుతున్నా' అనేవాణ్ని. మీలో ఎంతమంది ఈ మాట చెబుతున్నారో నాకు తెలుసు లెండి.

అక్కడ నాకు మొదట అర్థం కాని సంగతి ఈ మసే. కారంతా తళతళ మెరిసినా చక్రాల మీద గోధుమరంగు చుక్కలు మిగిలేవి. షాంపూకి పోవు. ప్రెషర్ గన్‌కి పోవు. గోరుతో గీకినా పోవు. ఓ రోజు మావయ్య లేడు. రిటైరైన మాస్టారొకాయన కారు తెచ్చారు. డైమండ్ కట్ అలాయ్స్, అంటే ముందు ముఖం లోహం రంగులోనే మెరుస్తూ పైన పల్చటి పారదర్శక పూత ఉండే రకం. 'ఈ మచ్చలు పోతాయా బాబూ?' అన్నారు. 'పోతాయండీ' అన్నాను. బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి పోశాను.

బుసబుసమని నురగ వచ్చింది. పని జరుగుతోందని సంబరపడ్డాను కూడా! ఐదు నిమిషాల తర్వాత నీళ్లు కొడితే, పూత గీరుకున్న చోటల్లా లోహం పాలు ఒలికినట్టు తెల్లబడి ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం అల్యూమినియంతో కలిస్తే హైడ్రోజన్ వస్తుందని ఇంటర్లో సమీకరణం తప్పు లేకుండా రాసినవాణ్ని. ఆ నురగ అదే. కళ్లెదుట జరుగుతుంటే గుర్తుపట్టలేదు. లోపలి డిస్కులు సాయంత్రానికి తుప్పు పట్టాయి. మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు. ఆయన తిట్టినా బాగుండేది. చక్రాలు మళ్లీ పెయింట్ చేయించడానికి మావయ్య తన జేబులోంచి కట్టాడు. నాకిచ్చే రెండు నెలల జీతం కన్నా ఎక్కువే.

ఆ రాత్రి సెంటర్లో పనిచేసే కుర్రాడు, టెన్త్‌తో చదువు ఆపేసినవాడు, చక్రం నుంచి రాలిన నల్లపొడిని కాగితం మీద పోసి, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దాని దగ్గర పెట్టాడు. పొడి వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని అంటుకుంది. 'అన్నా, ఇది మట్టి కాదన్నా. ఇనుము. వేడి మీద వచ్చి గుచ్చుకుంటది' అన్నాడు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నాకు ఎవరూ చూపించని ప్రయోగం అది.

ఇక విషయంలోకి వద్దాం. బ్రేక్ ప్యాడ్ అంటే రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన పదికి పైగా పదార్థాల మిశ్రమం. పీచు, గ్రాఫైట్, లోహపు పొడి.. ఇలా. డిస్క్ పోత ఇనుము. రెండూ రాసుకున్నప్పుడు రెండూ అరుగుతాయి. వేడిగా ఎగిరిన ఇనుప నలుసులు చక్రం పూతలోకి దిగబడతాయి. మళ్లీ మళ్లీ వేడెక్కి, చల్లారి, పైన పొర మీద పొర పేరుకుంటుంది. తర్వాత తేమ తగిలి అక్కడే తుప్పు పడతాయి. ఆ గోధుమరంగు చుక్కలు అవే. షాంపూ జిడ్డును, దుమ్మును లేపగలదు కానీ పాతుకుపోయిన ఇనుమును పీకలేదు. కాబట్టి బలం పెంచినా, యాసిడ్ పెంచినా పూత పోతుందే తప్ప లాభం లేదు. ఇనుముతో మాత్రమే కలిసి దాన్ని నీళ్లలో కరిగేలా చేసే మందు కావాలి.

ఆ మందు ఉంది. ఐరన్ రిమూవర్ అని సీసాల్లో అమ్ముతారు. చాలావాటిలో ఉండేది థయోగ్లైకోలేట్ లవణం. బ్యూటీపార్లర్‌లో జుట్టు ఉంగరాలు తిప్పడానికి వాడే మందుల్లోనూ ఇదే కుటుంబం రసాయనం ఉంటుంది. అందుకే ఆ కంపు! ఇనుము తగలగానే ఊదారంగుకు తిరిగి చక్రం మీంచి ధారలు కడుతుంది. మొదటిసారి చూస్తే చక్రం నెత్తురు కారుస్తోందా అనిపిస్తుంది.

వాడే పద్ధతి చెబుతాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. చక్రం చల్లారాలి. ఎండలో కాదు, నీడలో పెట్టాలి. వేడి డిస్క్ మీద చన్నీళ్లు కొట్టకూడదు. ముందు షాంపూతో పైపై దుమ్ము కడిగేయాలి. లేకపోతే మందంతా ఆ దుమ్ముకే ఖర్చయిపోతుంది. తర్వాత ఐరన్ రిమూవర్ చల్లి, సీసా మీద రాసినంతసేపు, సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు, ఆగాలి. ఆరనివ్వకూడదు. ఆరితే అదే ఇంకో మచ్చ. మెత్తటి బ్రష్‌తో రుద్ది ధారాళంగా కడగాలి. మొండి మసి ఒక్క విడతకు పోదు. రెండోసారి, మూడోసారి చల్లండి. ప్రతిసారీ ఊదారంగు తగ్గుతూ వస్తుంది. రంగు మారడం ఆగిందంటే ఆ మందుకు అందే ఇనుము అయిపోయినట్టే. ఇంకా నల్లచుక్కలుంటే అవి తారు కావచ్చు, దానికి వేరే మందు. ఆఖర్న ఇంకా గరుగ్గా ఉంటే తడిగా జారేలా చేసుకుని క్లే బార్‌తో తేలిగ్గా రుద్దాలి. వైర్ బ్రష్, స్టీల్ పీచు, ఉప్పుకాగితం జోలికి పోవద్దు. చక్రాలకు వాడిన బకెట్, గుడ్డ కారు బాడీకి వాడొద్దు. బోరు నీళ్లయితే ఆరకముందే తుడిచేయండి, తెల్లమచ్చలు పడతాయి. అంతా అయ్యాక బండి మెల్లగా నడిపి నాలుగైదుసార్లు బ్రేక్ నొక్కి తడి ఆర్చాలి. తడి బ్రేకులతో కస్టమర్‌ని రోడ్డు మీదకు పంపడం నేరం అంటాను నేను.

ఏళ్ల తరబడి వదిలేసిన చక్రం సంగతి వేరు. పూత కింద లోహమే గుంటలు పడి ఉంటే ఏ మందూ పనిచేయదు, పూత తీసి మళ్లీ వేయించాల్సిందే. ఆ సంగతి పని మొదలెట్టకముందే ఓనర్‌కి చెప్పడం కూడా పనే. నేను మాస్టారికి చెప్పకుండా వదిలేసింది అదే: 'చూసి చెబుతానండీ' అనే ఒక్క మాట.

ఇంకో జాగ్రత్త. కొన్ని చౌకరకం వీల్ క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, అమోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. చర్మం మీద పడితే వెంటనే మండకపోవచ్చు. కానీ లోపలికి దిగి కాల్షియంను పట్టేసి ఎముకదాకా దెబ్బతీస్తుంది. పేరు లేని డబ్బాలో వచ్చే యాసిడ్‌ను ముట్టుకోకండి. పడితే అదేపనిగా నీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి వెళ్లండి, ఏ మందు పడిందో డాక్టరుకు చెప్పండి. ఎండు బ్రేక్ పొడిని కంప్రెషర్ గాలితో ఊదొద్దు. అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

'చక్రాలు కడగడానికి ఇంత కథా?' అనుకుంటున్నారా? ఈ పొడి మీద చట్టాలే వచ్చాయి మరి. ప్యాడ్లలోని రాగి వాననీటితో వాగుల్లోకి చేరి చేపలకు హాని చేస్తోందని అమెరికాలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లోనే దాన్ని తగ్గించే చట్టాలు చేశాయి. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన యూరో 7 నిబంధనలు పొగగొట్టంతో ఆగలేదు, మొదటిసారి బ్రేక్ పొడికీ పరిమితి పెట్టాయి. మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు 3. ఎలక్ట్రిక్ కారు మోటారుతోనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి ప్యాడ్లు తక్కువ అరుగుతాయి. అయితే వాడక తగ్గి డిస్కులు తుప్పు పట్టడం ఇంకో తలనొప్పి. ప్యాడ్ల ఫార్ములా, డిస్కులకు కొత్త పూతలు, పొడిని కొలిచే పరీక్షలు.. ఇవన్నీ ఉద్యోగాలే. అడ్వాన్స్‌డ్ జావా ఒక్కటే భవిష్యత్తని మీకు ఎవరు చెప్పారో కానీ, నాకూ వాళ్లే చెప్పారు.

ఇక ఇంటర్వ్యూ. మొదటి మూడింటిలో 'ఈ ఎనిమిది నెలలు ఏం చేశారు?' అంటే గేట్ అన్నాను. 'స్కోరెంత?' అంటే నోరు పడిపోయింది. నాలుగోసారి, కారు విడిభాగాల కంపెనీలో, విసుగొచ్చి నిజం చెప్పేశాను: సర్వీసింగ్ సెంటర్లో చక్రాలు కడిగాను, ఒకటి పాడుచేశాను. బోర్డులో పెద్దాయన పెన్ను కింద పెట్టారు. అప్పుడే ముందు చక్రాల ప్రశ్న. తర్వాత, ఎందుకు పాడైంది? ఊదారంగు ఎందుకొస్తుంది? ప్యాడ్‌లో ఏముంటాయి? ఆఖరిదానికి సగమే తెలుసు, సగమే చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు, సినిమా కాదు కదా. కానీ అరగంట నన్ను నేనుగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆరోది వచ్చింది, క్వాలిటీ విభాగంలో ట్రెయినీగా.

ఏ పని దొరికితే అది చేసుకుని సంతోషించండని నేను చెప్పడం లేదు. తక్కువ జీతానికి ఎండలో తడిసి పనిచేయడంలో గొప్పేమీ లేదు. మీ చదువుకు తగ్గ జీతం అడగండి. నేను అనేదల్లా, చేసిన పనిని దాచొద్దని. రెజ్యూమెలో 'కార్ వాషింగ్' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. మచ్చ ఏమిటి, మొదట ఏం ప్రయత్నించారు, ఎందుకు పనిచేయలేదు, తర్వాత ఏం మార్చారు.. నాలుగు లైన్లలో రాయండి. అబద్ధపు 'మినీ ప్రాజెక్టు' కన్నా అది మేలు. డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టు రిపోర్టును రెండో ప్రశ్నకే కనిపెట్టేస్తారు. ఇప్పుడు బల్లకు అటువైపు కూర్చుంటున్నాను కాబట్టి చెబుతున్నా.

ఆ అయస్కాంతం కుర్రాడు ఇంకా మావయ్య దగ్గరే ఉన్నాడు. నాకన్నా ముందే వాడికి ఇనుమని తెలుసు. ఆ మాట రాసుకోవడానికి వాడికి రెజ్యూమె లేదు, పిలవడానికి ఏ బోర్డూ లేదు. పోయిన సంక్రాంతికి వెళ్తే చేతులు చూపించాడు, వేళ్ల కొసల చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. గ్లౌజులు కొనిచ్చాను. 'వేసుకుంటే పట్టు దొరకదన్నా' అన్నాడు. ఈసారి పల్చటి నైట్రైల్‌వి తీసుకెళ్లాలి.