మన శరీరం: గాయం మానేదెలా?

పరిగెత్తుతూ పడి, మోకాలు గీసుకోని పిల్లలు ఉండరు. నెత్తురు కారుతుంది, కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. దాన్ని ఆపిందెవరు?

మన నెత్తురులో ఎర్రకణాలూ, తెల్లకణాలూ కాక రక్తఫలకికలనే మరీ చిన్న రేణువులున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవారి నెత్తురులో ఒక ఘన మిల్లీమీటరుకు ఇవి 1,50,000కు పైగానే ఉంటాయి. రక్తనాళం తెగగానే ఇవి అక్కడికి చేరి, ఒకదానికొకటి అతుక్కుని, గండికి అడ్డుకట్ట వేస్తాయి. తరువాత ఫైబ్రిన్ అనే సన్నని పోగులు వలలాగా అల్లుకుంటాయి. ఆ వలలో ఎర్రకణాలు చిక్కుకుని నెత్తురు గడ్డకడుతుంది. అది ఎండితే పక్కు.

పక్కు కింద పని ఆగదు. లోపల ప్రవేశించిన సూక్ష్మజీవులను తెల్లకణాలు మింగేస్తాయి. ఆ పోరులో చచ్చిన తెల్లకణాలే చీములో ఎక్కువ భాగం. గాయం అంచుల నుంచి కొత్త చర్మకణాలు మెల్లగా మధ్యకు జరుగుతూ వచ్చి కలుసుకుంటాయి. అప్పుడు పక్కు రాలిపోతుంది. దురదగా ఉన్నదని మీరు ముందే గిల్లారో, లేత చర్మం చిరిగి పని మళ్ళీ మొదటికి వస్తుంది. మచ్చ కూడా మిగలవచ్చు.

శరీరం ఇంత చేసినా, మీరు చేయవలసినదీ ఉన్నది. గాయాన్ని వెంటనే సబ్బుతో, శుభ్రమైన నీటితో కడగండి. మట్టీ, పేడా పెట్టకండి. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవులు వాటిలోనే ఉంటాయి. ఆ జబ్బు ప్రాణం తీయగలదు. టీకా దాన్ని రానివ్వదు. మీకు ఆ టీకా ఎప్పుడు వేయించారో ఇవాళే అమ్మనూ, నాన్ననూ అడగండి. గాయం లోతుగా ఉన్నా, అందులో మట్టి పడినా డాక్టరుకు చూపించండి.