పాతచింతకాయ కీబోర్డు

దేన్నైనా వెక్కిరించాలంటే మనవాళ్ళు "పాతచింతకాయ పచ్చడి" అనేస్తారు. అలా అనేవాళ్ళెవరూ ఆ పచ్చడి సరిగ్గా తిన్నవాళ్ళు కారని నా గట్టి అనుమానం. జాడీలో ఏనాడో పెట్టిన పచ్చడి జోలికి ఎవరూ పోరు. కావలసినంత పైకి తీసి, ఆ పూటకి ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి తాలింపు పెడతారు. పాత కీబోర్డుని ఈనాటి కంప్యూటరుకి తగిలించేటప్పుడు పాటించాల్సిన సూత్రం కూడా ఇదేనని నా వాదన: జాడీని ముట్టుకోవద్దు, తాలింపు మార్చుకోండి.

నా బల్ల మీదున్నది ఐబీఎం మోడల్ ఎం. 1980ల నడుమ మొదలైన రకం. ఇక్కడ ఒక పాతసామాన్ల అమ్మకంలో 10 డాలర్లకి దొరికింది. వెనకాల చీటీ మీద పార్ట్ నంబరు 1391401, పుట్టిన సంవత్సరం 1989. బరువు 2 కిలోల పైమాటే. ప్రతి మీట కింద ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కుతుంటే అది ఒక హద్దు దాకా ఓర్చుకుని, ఠక్కున పక్కకి వంగుతుంది. ఆ వంగడంతో కిందనున్న బుల్లి పలక వాలి, పొరని నొక్కి, సంకేతం పంపుతుంది. అంటే చప్పుడూ సంకేతమూ దాదాపు ఒకేసారి. అక్షరం పడిందా లేదా అని తెరకేసి చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది.

ఇక దీని జబ్బు. స్ప్రింగులుండే ప్లాస్టిక్ చట్రానికి వెనకనున్న ఉక్కు రేకుని ప్లాస్టిక్ రివెట్లు పట్టి ఉంచుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఒక్కొక్కటే తలలు రాల్చేస్తాయి. పట్టు సడలి మీటలు మెత్తబడతాయి, కొన్ని పలకడం మానేస్తాయి. 5.5 మిల్లీమీటర్ల సన్న సాకెట్‌తో నాలుగు మరలు విప్పి, మిగిలిన రివెట్లు చెక్కేసి, ఆ చోట్లలో రంధ్రాలు వేసి, 2 మిల్లీమీటర్ల బోల్టులు, నట్లు బిగించాలి. రెండు వారాంతాలు పట్టింది. "ఏమండీ, ఇంట్లో వడ్రంగం పెట్టారా?" అన్న మా ఆవిడ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు.

"జాడీని ముట్టుకోవద్దని చెప్పి రంధ్రాలు వేస్తారా?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రివెట్లు ఎలాగూ పోతాయి, బోల్టులు లేకపోతే కీబోర్డే ఉండదు. ప్రాణం నిలపడానికి చేసే వైద్యం వేరు, సోకు కోసం చేసే కోత వేరు. నా పేచీ ఆ రెండోదానితోనే.

పాత కీబోర్డుకి యూఎస్‌బీ తగిలించడానికి చాలామంది చేసేదేమిటంటే, నిక్షేపంలా పనిచేస్తున్న లోపలి సర్క్యూట్ బోర్డు పీకేసి కొత్తది పెట్టడం, లేదా అసలు తీగ కోసి కొత్తది అతకడం. ఇంకొందరైతే మీటల తొడుగులు మాత్రం ఒలుచుకుని మిగతాదంతా చెత్తబుట్టలో వేస్తారు. నా మటుకు నాకిది అన్యాయంగా తోస్తుంది.

ఇందులో భావుకత ఏమీ లేదండీ, శుద్ధ ఇంజినీరింగే. 'ఏ' మీట నొక్కితే ఈ కీబోర్డు 1సి అనే అంకె పంపుతుంది. యూఎస్‌బీకి అదే మీట 04. రెండిటికీ నడుమ కావలసింది ఒక దుబాసీ. విద్యుత్తు, గ్రౌండ్, క్లాక్, డేటా అనే నాలుగు తీగల్ని ఏటీమెగా32యూ4 చిప్పున్న చిన్న బోర్డుకి కలిపి, టీఎంకే అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఎక్కిస్తే సరి. (అంగట్లో దొరికే చిన్న ఊదారంగు తొడుగు దీనికి చాలదు. అందులో తీగలే తప్ప దుబాసీ లేడు.) ఈ కీబోర్డు మీద విండోస్ మీట లేదు, అది విండోస్ 95 రోజులకి గాని రాలేదు. క్యాప్స్ లాక్‌ని ఆ పనికి పెట్టుకోవడం కూడా ఆ దుబాసీలోనే చెప్పుకోవచ్చు. అంతా బయటే! రేపు ఇంకో రకం పోర్టు వస్తే బయటి ముక్క ఒక్కటి మారిస్తే చాలు. లోపల కోసుకున్నవాళ్ళు మళ్ళీ కత్తి పట్టుకోవాలి.

ఇంకో సంగతి. కీబోర్డు అక్షరాలు పంపదు, మీట నంబర్లే పంపుతుంది. అక్షరమేదో కంప్యూటరు నిర్ణయిస్తుంది. అందుకే ఈ వ్యాసం దాని మీదే తెలుగులో కొడుతున్నాను. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో 'కే' నొక్కితే క, 'జే' నొక్కితే ర. యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది 1991లో. మన అక్షరాలకి అందులో చోటు దక్కకముందే తయారైన యంత్రం, దాని లోపల ఒక్క తీగా మార్చకుండానే తెలుగు రాస్తోంది. తన పని తాను చేసి మిగతాది పక్కవాడికి వదిలేసే సిస్టం ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

"15 డాలర్లకి కొత్తది రాదా? గంటకింతని బిల్లు వేసేవాడివి, లెక్క చూసుకున్నావా?" అంటారు మిత్రులు. నిజమే, డబ్బు లెక్కలో ఇది శుద్ధ దండగ. చప్పుడు కూడా తక్కువేం కాదు, ఫోన్ మీటింగులో ఉంటే అవతలివాళ్ళకి వడగళ్ళవానే. కానీ నా లెక్క వేరు. ఫ్యాను మోటారు కాలితే రీవైండింగ్ చేయించుకుని, ఇంకో పదేళ్ళు తిప్పుకున్న ఊళ్ళనించి వచ్చినవాళ్ళం మనం. ఇక్కడ మన పిల్లలకి "పాడైంది" అన్నా "పారెయ్" అన్నా ఒకటే మాట అయిపోతోంది. వస్తువు ఎప్పుడు చచ్చిపోయిందో అమ్మినవాడే చెప్పాలా? ఒక్కసారైనా మూత విప్పి చూసే హక్కూ, ఓపికా మనకుండాలి. నా పట్టుదలంతా దాని గురించే.

మీ ఆఫీసులో రీసైక్లింగ్ డబ్బాలో బరువైన పాత కీబోర్డు కనిపిస్తే, పై వాళ్ళనడిగి బయటకి తీసి, తిరగేసి చీటీ చదవండి. తీగ మాత్రం కొయ్యకండి, మీకు పుణ్యముంటుంది.