గరగరకు భయపడి కొత్తది కొంటారా?

గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు అడిగే ప్రశ్నల్లో నాకు ఒళ్లు మండించేది ఒకటుంది. "అన్నా, వా పెడల్ కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండ్‌ది కొనాలా?" వా పెడలంటే గిటార్ శబ్దాన్ని కాలితో మలిచే డబ్బా. దాని గురించి అడగడం తప్పని కాదు. సెకండ్ హ్యాండ్ అనే మాట దగ్గరకొచ్చేసరికి వాళ్ల గొంతు తగ్గిపోతుంది చూశారూ, దానికి నా కోపం. ఎవడో వాడి వదిలేసిన చెప్పుల్లో కాలు పెట్టమన్నట్టు మొహం పెడతారు.

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెతను మన పెద్దలు ఎగతాళికి పుట్టిస్తే, షోరూముల వాళ్లు దాన్ని వ్యాపార సూత్రం చేసుకున్నారు. నేనూ ఒకప్పుడు ఆ వలలో పడ్డవాణ్నే. మెరిసే పెట్టె, వారంటీ కాగితం, చేతిలో బిల్లు. ఎనిమిది నెలలు తిరక్కుండానే తొక్కినప్పుడల్లా స్పీకర్లో గరగర. కొన్న షాపుకి పట్టుకెళితే "అరుగుదల వారంటీ కిందికి రాదు సార్" అన్నారు, నవ్వుతూ. అరిగేవి లోపలి ఒకటి రెండు ముక్కలే. వాటికి వర్తించని వారంటీ ఇంక దేనికి? పెడల్ పోత బాడీకా? దాని మీద లారీ ఎక్కించినా ఏమీ కాదు.

అసలు ఆ డబ్బాలో ఏముందో ఒక్కసారి అడుగు మరలు విప్పి చూడండి. నాలుగే మరలు. కాలి పలకకు ఒక పళ్ల పట్టీ, దానికి ఆనుకుని పాత రేడియో వాల్యూమ్ నాబ్ వెనకాల ఉండేలాంటి పాట్, వేళ్ల కింద ఒక స్విచ్, బోర్డు మీద రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ఇండక్టర్, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఇంతే! మడమ నొక్కితే శబ్దం 'ఊ' అని ముడుచుకుంటుంది, వేళ్లు నొక్కితే 'ఆ' అని నోరు తెరుస్తుంది. నడిపేకొద్దీ అరిగేవి పాట్, స్విచ్. ఆ గరగర పాట్‌దే. రెండూ మార్చుకోవచ్చు. మిగతా సరుకు మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

పాట్ మార్చడంలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి, పాటుంటే చాలుననుకుని వంద కిలోఓమ్‌లది ఒకటి కొని వేయించాను. గరగర పోయింది, పాట కూడా పోయింది. పలక ముప్పాతిక వంతు కదిలేదాకా ఉలుకూ పలుకూ లేదు, చివర్లో ఒక్కసారిగా కేక. వా పాట్‌లో నిరోధం మారే తీరే వేరు. దాని కోసం చేసినదే తెప్పించుకోవాలి. తెప్పించాను. ఆ పెడల్ ఇప్పటికీ నా కాలి కిందే ఉంది, అదీ కొత్త పెడల్ ఖర్చులో చిన్న ముక్కకే.

ఇంకో వైపు వింటేజ్ భక్తులున్నారు. వీళ్లు మరీ ప్రమాదం. ఇటలీలో జెన్ కంపెనీ చేసిన పాత పెడల్ అయితేనే శబ్దమట, అందులో ఫాసెల్ ఇండక్టర్ ఉంటేనే ప్రాణమట! 1968లో గిటారిస్ట్ హెండ్రిక్స్ 'వూడూ చైల్డ్' రికార్డు చేసేనాటికి వా పెడల్ బజారుకొచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ఆయన తొక్కింది వింటేజ్ కాదు, ఆనాటి మామూలు సరుకు. ఆ ఫాసెల్ పేరుతోనే ఇప్పుడు డన్‌లప్ వాళ్లు ఇండక్టర్ విడిగా అమ్ముతున్నారు. అంత మోజుంటే వాళ్ల మామూలు వా పెడల్ క్రై బేబీలో అది వేయించుకోండి. తుప్పుకు మూడింతలు కట్టకండి.

పుట్టుకను బట్టి చూసినా ఈ వస్తువుకు ఆ రాచరికం నప్పదు. 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో, వాక్స్ ఆంప్లిఫయర్‌లో ఖరీదైన స్విచ్ తీసేసి చవకగా పాట్ పెట్టబోతే బయటపడిన శబ్దం ఇది. ఇంజనీర్ పేరు బ్రాడ్ ప్లంకెట్. ఆ సర్క్యూట్‌ను బిగించడానికి అప్పుడు చేతికి దొరికింది ఆర్గన్ వాల్యూమ్ పెడల్. అంటే తొలి వా పెడలే వేరే పనికి చేసిన బాడీలో పుట్టింది. పైసలు మిగిల్చే ఆలోచనలో పుట్టినదాన్ని పట్టుకుని మనకెందుకండీ ఈ మడి?

పాతవాటిలో ఒక జబ్బు మాత్రం నిజంగానే ఉంది, దాచను. కొన్ని పాత సర్క్యూట్లు పెడల్ ఆపినా గిటార్ ట్రెబుల్ తినేస్తూనే ఉంటాయి. గిటార్‌ను ఒకసారి నేరుగా, ఒకసారి ఆపిన పెడల్ గుండా ఆంప్‌కి కలిపి వింటే తేడా చెవికే తెలుస్తుంది. స్విచ్ మార్చి వైరింగ్ చేయిస్తే పోతుంది, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. అడాప్టర్ రంధ్రం లేని పాత మోడల్ అయితే బ్యాటరీతోనే కాలక్షేపం. వాయించనప్పుడు జాక్ పీకకపోతే అదీ ఊరికే ఖాళీ అవుతూనే ఉంటుంది. పాత ధర కొత్తదానికి దగ్గరదగ్గరగా ఉంటే మొహమాటం లేకుండా కొత్తదే కొనండి. నేను పాతదనానికి మొక్కేవాణ్ని కాదు.

కాబట్టి తమ్ముళ్లూ, వాడిన మామూలు పెడలే కొనండి. గరగర వినిపిస్తే సంతోషించండి, బేరానికి అది మీ ఆయుధం. పలకను మడమ నుంచి వేళ్ల దాకా నెమ్మదిగా తొక్కండి, స్విచ్ పదిసార్లు నొక్కండి, అడుగు విప్పించి బ్యాటరీ కారిన పచ్చని మరకలున్నాయేమో చూడండి. ఆంప్‌కి కలిపి చూపించనని అమ్మేవాడు అంటే మాత్రం రెండో మాట లేకుండా లేచి వచ్చేయండి.