సహనమంటే మౌనమా?

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లి భవన నిర్మాణ పనులు చేసే సోదరులు ఇంటికి ఫోన్ చేసినపుడు మొదట అడిగేది 'డబ్బు అందిందా?' అని. 'మీరెలా ఉన్నారు?' అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒక్కటే: 'అల్‌హమ్దులిల్లాహ్, బాగానే ఉన్నాను.' ఇటువైపు వారూ అంతటితో తృప్తి పడతారు.

యు.ఎ.ఇ.లో ఏటా జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది. శరీరానికి ఆపాటి నీడైనా లభించింది. పగలంతా ఇనుము వంచి, సిమెంటు మోసి, రాత్రి క్యాంపు గదిలో నడుం వాల్చినవాని మనసులో మెదిలే అప్పు, చెల్లెలి పెండ్లి, తనను గుర్తుపట్టని పసిబిడ్డ... వీటికి మాత్రం ఏ విరామమూ లేదు. పక్క మంచంపై ఉన్నవానికీ అదే బాధ. అయినా ఇద్దరూ చెప్పుకోరు. చెప్పుకుంటే మగతనానికి లోటని భయం.

ఇక్కడే ఉండి కూలి చేసేవారి స్థితీ దీనికి భిన్నం కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2021లో దేశంలో తమ ప్రాణాలు తామే తీసుకున్న 1,64,033 మందిలో 42,004 మంది దినసరి కూలీలు. వారిలో అత్యధికులు పురుషులు.

కొందరు పెద్దలు 'సబ్ర్ చేయాలి' అన్న ఒక్క మాటతో ఈ ప్రస్తావన ముగిస్తారు. మరి హజ్రత్ యాఖూబ్ (అ) సహనశీలి కారా? కుమారుడు యూసుఫ్ (అ) ఎడబాటుతో ఆయన కనులు తెల్లబడిపోయాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన అన్నారు, నిజమే. కాని ఆ మాట కుమారుల ఎదుటే అన్నారు, దుఃఖాన్ని దాచలేదు. పసివాడైన ఇబ్రాహీం కన్నుమూసినపుడు దైవప్రవక్త (స) కంట నీరు చూసి ఒక సహచరుడు ఆశ్చర్యపోగా, అది కారుణ్యమని ఆయన బదులిచ్చారు. చింత నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు కోరే దుఆ కూడా ఆయన చేసేవారు. లేని బాధ నుండి ఎవరూ శరణు కోరరు కదా!

నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే కోపం, పరీక్షల్లో ఏమీ తేలని తలనొప్పి, నమాజులోనూ నిలవని మనసు - ఇవి వారాల తరబడి కొనసాగుతుంటే, వాటిని ఈమాన్ బలహీనత అని నిందించడం అన్యాయం. జ్వరానికి వైద్యుని వద్దకు వెళ్లినట్లే దీనికీ వెళ్లాలి. మన దేశంలో ఉన్నవారు టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

భర్త విదేశంలో ఉన్న సోదరీమణులకు ఒక విన్నపం. ఈసారి ఫోనులో ఖర్చుల జాబితాను చివరకు ఉంచండి. 'రాత్రి నిద్ర పట్టిందా? ఎవరితో కలిసి భోంచేశారు?' అని అడగండి. ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడకపోతే ఫోన్ పెట్టేయకండి.