ప్రైవేటు పాఠశాలల తనిఖీలు – తల్లిదండ్రులు గ్రహించవలసిన అంశాలు

గుర్రంకొండ: వేసవి సెలవులు ముగింపునకు వచ్చేసరికి గుర్రంకొండ మండలంలోని గ్రామాలలో పాఠశాలల ప్రచార వాహనాలు తిరగడం ప్రారంభమవుతుంది. మదనపల్లె, వాల్మీకిపురం, కలికిరి వైపు వెళ్లే పసుపు రంగు బస్సులలో తమ పిల్లలను పంపాలని ఆశించే తల్లిదండ్రులలో అధికులు రైతులు, రైతు కూలీలు. టమోటా ధరపై ఏడాది ఆదాయం ఆధారపడిన కుటుంబానికి ప్రైవేటు పాఠశాల ఫీజు చిన్న మొత్తం కాదు. అందువల్ల ఫీజు చెల్లించే ముందు వారు అడిగే ప్రశ్న సహజమైనదే: "తనిఖీలో ఈ పాఠశాలకు ఏ గ్రేడు వచ్చింది?"

ఈ ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత సుపరిచితం. దుబాయి ప్రభుత్వ విద్యా ప్రాధికార సంస్థ 2008 నుండి అక్కడి ప్రైవేటు పాఠశాలలను తనిఖీ చేసి "అత్యుత్తమం" మొదలు "చాలా బలహీనం" వరకు శ్రేణులను ప్రకటిస్తూ వచ్చింది. భారతీయ పాఠ్యప్రణాళికను అనుసరించే పాఠశాలలు కూడా వీటిలో ఉన్నాయి. ప్రతి ప్రైవేటు పాఠశాలకూ ఇటువంటి శ్రేణిని ఇచ్చి ప్రజలకు ప్రకటించే సంప్రదాయం మన రాష్ట్రంలో ఏర్పడలేదు. మనకు ఉన్నది "గుర్తింపు". ఇది ర్యాంకు కాదు. ఏ పాఠశాలైనా తప్పక చేరుకోవలసిన కనీస ప్రమాణం. ఈ భేదాన్ని గ్రహించడమే తల్లిదండ్రులకు మొదటి మెట్టు.

గుర్తింపు అంటే ఏమిటి?

ఉమ్మడి రాష్ట్రంలో 1982 నాటి విద్యా చట్టం, దానికి అనుబంధంగా 1994 జనవరి 1న జారీ అయిన ప్రభుత్వ ఉత్తర్వు నెం. 1 ప్రైవేటు పాఠశాలల స్థాపనకు, గుర్తింపునకు నియమాలు ఏర్పరచాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పత్రం పొందకుండా ఏ ప్రైవేటు పాఠశాలనూ నడపరాదు. ఉల్లంఘించిన యాజమాన్యానికి లక్ష రూపాయల వరకు జరిమానా, ఆపై కొనసాగించిన ప్రతి రోజుకు పది వేల రూపాయల వంతున అదనపు జరిమానా విధించవచ్చు.

గుర్తింపు పత్రంలో మూడు విషయాలను ప్రత్యేకంగా చూడాలి. మొదటిది, ఏ తరగతి వరకు గుర్తింపు ఉన్నది. ఏడవ తరగతి వరకు మాత్రమే అనుమతి పొంది తొమ్మిదవ తరగతిలో పిల్లలను చేర్చుకునే పాఠశాలకు ఆ పై తరగతుల విషయంలో గుర్తింపు లేనట్లే. రెండవది, ఏ విద్యా సంవత్సరం వరకు అది చెల్లుతుంది. మూడవది, ఏ చిరునామాకు ఇచ్చినది. ఒక పట్టణంలోని శాఖకు ఉన్న గుర్తింపు అదే పేరుతో మరో ఊరిలో తెరిచిన శాఖకు వర్తించదు. బోర్డుపై కనిపించే "టెక్నో", "ఒలింపియాడ్", "ఇంటర్నేషనల్" వంటి మాటలు విద్యాశాఖ ఇచ్చిన శ్రేణులు కావు.

నష్టపోయేది విద్యార్థి

గుర్తింపు లేని పాఠశాల తన సొంత పేరుతో విద్యార్థులను పదవ తరగతి పబ్లిక్ పరీక్షకు పంపజాలదు. మరో పాఠశాల నామినల్ రోల్స్‌లో వారి పేర్లు చేర్పించవలసి వస్తుంది. అక్కడ ఏ చిన్న పొరపాటు జరిగినా హాల్ టికెట్ వచ్చే వరకు తల్లిదండ్రులకు తెలియదు. ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలకు చట్టం కొంత రక్షణ కల్పించింది. బదిలీ పత్రం లేదన్న కారణంతో వారిని చేర్చుకోవడానికి నిరాకరించరాదు. గుర్తింపు రద్దు చేసే ఉత్తర్వులోనే ఆ పిల్లలను ఏ సమీప పాఠశాలలో చేర్చాలో పేర్కొనాలి. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు విద్యాహక్కు చట్టం వర్తించదు. కనుక పై తరగతులలో చేర్పించే తల్లిదండ్రులు మరింత జాగ్రత్త వహించవలసి ఉన్నది.

తనిఖీలో ఏమి చూస్తారు?

విద్యాహక్కు చట్టం షెడ్యూలులోని ప్రమాణాలు సామాన్యులకు సులభంగా అర్థమయ్యేవే. ప్రతి ఉపాధ్యాయునికి ఒక తరగతి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, ఆటస్థలం, ప్రహరీ గోడ, గ్రంథాలయం ఉండాలి. ఒకటి నుండి ఐదు తరగతులలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 మంది వరకు ముగ్గురు, 120 మంది వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. ఆరు నుండి ఎనిమిది తరగతులలో కనీసం 35 మందికి ఒకరు ఉండాలి. ప్రాథమిక తరగతులకు ఏటా 200, ఆపై ఎనిమిదవ తరగతి వరకు 220 పనిదినాలు తప్పనిసరి. వీటిలో చాలావాటిని తల్లిదండ్రులు పాఠశాలకు స్వయంగా వెళ్లి ఒక గంటలో సరిచూసుకోవచ్చు.

భద్రతా పత్రాల ప్రాధాన్యాన్ని ఒక విషాదం దేశానికి నేర్పింది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు పాఠశాలలో సంభవించిన అగ్నిప్రమాదంలో 94 మంది చిన్నారులు మరణించారు. వంటశాలలో పుట్టిన మంట గడ్డి కప్పుకు అంటుకున్నది. తదుపరి 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పాఠశాలల అగ్నిమాపక భద్రత, భవన భద్రతలపై రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. కనుక భవన పటిష్ఠత ధ్రువపత్రం, అగ్నిమాపక ఏర్పాట్ల గురించి అడగడం తల్లిదండ్రుల హక్కు. మన రాష్ట్రంలో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ ధ్రువపత్రాల గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్‌లో రోడ్డెక్కే బస్సుకు కొత్త పత్రం ఉన్నదా అని అడిగి తెలుసుకోవాలి.

ఏవి కొలమానాలు కావు?

పదవ తరగతి ర్యాంకుల ప్రకటనలు పాఠశాల బోధనకు పూర్తి అద్దం కావు. కొద్దిమంది మార్కులు మిగిలిన పిల్లల సంగతి చెప్పవు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఇటువంటి ర్యాంకుల ప్రచారాన్ని నిషేధించింది కూడా. అలాగే 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతుల విద్యార్థులకు జాతీయ స్థాయిలో నిర్వహించిన పరఖ్ సర్వేక్షణ జిల్లాల, రాష్ట్రాల స్థితిని తెలిపేది మాత్రమే. అందులోని అంకెలను ఏ ఒక్క పాఠశాలకూ ఆపాదించరాదు.

ఒక్క మాటలో తీర్పు చెప్పే పద్ధతిని సుదీర్ఘకాలం పాటించిన ఇంగ్లండు సైతం 2024 సెప్టెంబరులో ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలలకు దానిని విరమించుకున్నది. 2025 నవంబరు నుండి ఒక్కొక్క అంశానికి విడివిడిగా వివరించే నివేదికలను ప్రవేశపెట్టింది. బోధన బాగుండి భద్రత లోపించిన పాఠశాలకైనా, భవనం బాగుండి ఉపాధ్యాయులు చాలని పాఠశాలకైనా ఒకే గ్రేడు ఇస్తే తల్లిదండ్రులకు అసలు విషయం తెలియదు.

సమాచారం ఎక్కడ లభిస్తుంది?

ప్రతి పాఠశాలకు 11 అంకెల యూడైస్ సంఖ్య ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలల సంఖ్య 28తో మొదలవుతుంది. దీని ఆధారంగా తరగతులు, ఉపాధ్యాయులు, వసతుల వివరాలను ఇంటర్నెట్‌లో చూడవచ్చు. అయితే ఈ వివరాలు పాఠశాల తనకు తానుగా సమర్పించినవని గుర్తుంచుకుని, కళ్లారా చూసినదానితో పోల్చుకోవాలి. సీబీఎస్‌ఈ అనుబంధ పాఠశాలలు తమ ధ్రువపత్రాలను, మూడేళ్ల ఫలితాలను సొంత వెబ్‌సైటులో ఉంచాలని ఆ బోర్డు 2021లో ఆదేశించింది.

సందేహం తీరని పక్షంలో మండల విద్యాశాఖాధికారి కార్యాలయాన్ని సంప్రదించాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద గుర్తింపు ఉత్తర్వు, తనిఖీ నివేదిక ప్రతులను కోరవచ్చు. దరఖాస్తు రుసుము మండల స్థాయి కార్యాలయంలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజులలోగా సమాధానం ఇవ్వవలసి ఉన్నందున జూన్ వరకు వేచి ఉండక ఏప్రిల్‌లోనే దరఖాస్తు చేయడం ఉచితం.

గుర్తింపు ఉన్నంత మాత్రాన పాఠశాల మంచిదని భావించనవసరం లేదు. గుర్తింపు లేకుంటే మాత్రం మిగిలిన ఆకర్షణలు ఎన్ని ఉన్నా ఆ గడప దాటకుండుటే మేలు. అది సరిచూసుకున్న పిమ్మట తరగతి గదిని, ఉపాధ్యాయుని, బస్సును స్వయంగా చూసి తల్లిదండ్రులు నిర్ణయం తీసుకోవాలి. ఫీజు రసీదు చేతికి వచ్చిన తరువాత కాదు, దానికి ముందే ఈ పత్రాలు అడగాలి.