ముందు గ్రూపు, తరువాత కాలేజీ

పదో తరగతి ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి మన ఇళ్లలో ఒకటే చర్చ: ఏ కాలేజీ? ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, పక్కింటి వారి అబ్బాయి ఎక్కడ చేరాడు అన్నవన్నీ మాట్లాడుకుంటాం. ఏ గ్రూపు అన్న ప్రశ్న చివర్లో వస్తుంది. కొన్ని ఇళ్లలో అసలు రాదు. ఈ లోపు కాలేజీల వారు ఇంటికి వచ్చి, ఇప్పుడే చేరితే ఫీజు తగ్గిస్తామని చెప్పి అడ్వాన్సు తీసుకుని వెళతారు. పిల్లవాడు ఎంపీసీలో చేరిన సంగతి వాడికే రెండు రోజుల తరువాత తెలుస్తుంది.

మగపిల్లల సంగతి ఇది. ఆడపిల్లల విషయంలో నిర్ణయం మరీ తేలికగా జరిగిపోతుంది. దగ్గరలోని కాలేజీలో ఏ గ్రూపు ఉంటే అదే ఆమె గ్రూపు. అక్కడ సీఈసీ ఉంటే సీఈసీ, హెచ్‌ఈసీ ఉంటే హెచ్‌ఈసీ. సైన్సులో తొంభై మార్కులు తెచ్చుకున్న అమ్మాయి కూడా, బస్సెక్కి పోవలసి వస్తుందన్న ఒక్క కారణంతో సివిక్స్ పుస్తకం పట్టుకుంటుంది. సీఈసీ తక్కువదని ఎవరూ అనుకోనక్కరలేదు. చార్టర్డ్ అకౌంటెన్సీకి, ఐదేళ్ల న్యాయవిద్యకు, బీకామ్‌కు అది చక్కని దారి. ఇష్టపడి తీసుకున్న పిల్లలు అందులో బాగా రాణిస్తారు. ఇష్టం లేని వారిని దూరం పేరుతో అందులోకి నెట్టడమే అభ్యంతరకరం.

ఒక్క విషయం తల్లిదండ్రులు స్పష్టంగా గ్రహించాలి. సైన్సు గ్రూపు చదివిన వారు తరువాత మనసు మార్చుకుని బీఏకు, బీకామ్‌కు, లా కోర్సుకు పోవచ్చు. సీఈసీ, హెచ్‌ఈసీ చదివిన వారు మాత్రం ఇంజనీరింగుకు, వైద్యానికి, ఫార్మసీకి, బీఎస్సీ నర్సింగుకు తిరిగి రాలేరు. లెక్కలు వదిలేస్తే ఇంజనీరింగు లేదు, జీవశాస్త్రం వదిలేస్తే నీట్ లేదు. పదిహేనేళ్ల పిల్ల మీద ఇంత పెద్ద తలుపు వేసేముందు ఆమెను ఒక్క మాట అడగవద్దా?

ఆ తలుపు అవతల ఉన్నవి ఎక్కడో దూరాన లేవు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఆ పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007లో స్థాపించిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మొదటిది ఎంపీసీ వారికి, రెండవది ముఖ్యంగా బైపీసీ వారికి. కాకినాడకు వెళితే 1946లో పుట్టిన ఇంజనీరింగ్ కళాశాల పెరిగి జేఎన్‌టీయూ అయింది, 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల ఉంది. బైపీసీ అంటే డాక్టరు సీటే, అది రాకపోతే చదువు వృథా అన్న భ్రమ మనలో చాలామందికి ఉంది. వరి, చేపలు, రొయ్యలు, కడియం నర్సరీల మీద బతికే ఈ డెల్టాలో వ్యవసాయం, ఉద్యానం, మత్స్యశాస్త్రం చదివిన వారికి పని దొరకదా? మనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలిచే ఈఏపీసెట్‌లో బైపీసీ వారికి వ్యవసాయ, ఫార్మసీ విభాగం ఉన్న సంగతే తెలియని ఇళ్లున్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండవ ఏడాదిలో చేరే దారి కూడా ఉంది. త్వరగా సంపాదనలో పడవలసిన మగపిల్లలకు అది ఎంతో అనువైనది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ప్రవేశం ఇస్తారు.

ఇక దూరం మాట. నిన్నమొన్నటి వరకు అది కొంత నిజమైన కారణమే. రోజూ రానుపోను చార్జీలు, మధ్యాహ్నం తిండి, ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు ఖర్చు. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలలో మధ్యాహ్న భోజనం మొదలైంది. దానికి పెట్టిన పేరు, లంకల గన్నవరంలో దారినపోయే వారందరికీ అన్నం పెట్టిన మన డొక్కా సీతమ్మ గారిదే. అదే సంవత్సరం ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. పొద్దుటి బస్సు కిక్కిరిసి ఉంటుందన్నది నిజమే. భద్రత గురించి తల్లికుండే బెంగ కూడా కాదనలేనిది. దానికి ఒకే వీధి పిల్లలు నలుగురు కలిసి ఒకే కాలేజీకి వెళ్లే ఏర్పాటు చూడవచ్చు, చదువు మార్చనక్కరలేదు.

ఇటీవల వచ్చిన మరో మార్పు చాలామంది గమనించలేదు. 2025-26 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మొదటి ఏడాది పద్ధతి మారింది. ఇంగ్లీషు తప్పనిసరి. ఇంతకుముందు రెండవ భాష ఉన్న చోట ఇప్పుడు ఒక ఎలక్టివ్ తీసుకోవాలి. అది భాష కావచ్చు, వేరే గ్రూపులోని సబ్జెక్టు కావచ్చు. ఎంపీసీ వారు జీవశాస్త్రాన్ని, బైపీసీ వారు లెక్కలను కలుపుకునే వీలు కలిగింది. ఎటు పోవాలో తేల్చుకోలేని తెలివైన పిల్లలకు ఇది మేలే. కానీ రెండు తలుపులూ తెరిచి ఉంచాలన్న ఆశతో సగటు విద్యార్థి మీద ఈ బరువు వేయడం మంచిది కాదు. పైగా ఆ సబ్జెక్టుకు కాలేజీలో అధ్యాపకుడు ఉన్నాడో లేదో చేరేముందే అడగాలి.

ఈ ఎలక్టివ్ దగ్గరే మన భాషల మాట వస్తుంది. మార్కులు సులువుగా వస్తాయని సంస్కృతం తీసుకోవడం ఏనాటి నుంచో పరిపాటి. ఆ భాష నిజంగా నేర్చుకోవాలని తీసుకునేవారు వేరు, వారిని మెచ్చుకోవాలి. మన పిల్లలకు ఉర్దూ, అరబీ ఎంచుకునే అవకాశం బోర్డు జాబితాలో ఉన్నా, గోదావరి తీరాన వాటిని చెప్పే కాలేజీలు అరుదు. ఇంట్లో పెద్దల దగ్గరో, మసీదులోనో ఆ రెండూ కొంతైనా అందుతాయి. తెలుగు సంగతి అలా కాదు. పదో తరగతితో తెలుగు వదిలేసిన పిల్లవాడు ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఈ పేజీ కూడా తడుముకుంటూ చదువుతాడు. గ్రూప్-1 మెయిన్స్‌లో తెలుగు పేపరు తప్పితే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా ఫలితం లేదు. భాషను ఎంచుకునే పిల్లలైతే తెలుగును తీసుకోవడమే మా అభిప్రాయం.

మన ఇళ్లలో తండ్రి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండడం కొత్త కాదు. శుక్రవారం సెలవునాడు ఫోన్ చేసి, అక్కడి స్నేహితుడు చెప్పిన కాలేజీలో చేర్చమంటాడు. ఆయన కష్టార్జితమే ఫీజు అయ్యేది కనుక ఆయన మాటకు విలువ ఉండవలసిందే. అయితే పిల్లవాడికి లెక్కలంటే భయమో, ప్రీతో ఆయనకు తెలియదు. తొమ్మిది, పదో తరగతుల ఉపాధ్యాయులకు తెలుసు. ఫలితాల దాకా ఆగకుండా సంక్రాంతి సెలవులకు ముందే ఒకసారి బడికి వెళ్లి, లెక్కల మాస్టారునూ సైన్సు టీచరునూ విడివిడిగా అడగండి. ఆ వారం ఫోన్‌లో తల్లి ఆ సంగతులు తండ్రికి చెప్పాలి, తరువాత ఫోన్ పిల్లకు ఇవ్వాలి.

కాగితాల పని కూడా అప్పుడే చూసుకోవాలి. 2007 చట్టం ప్రకారం షేక్‌లు మొదలైన 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. నూర్‌బాషా, దూదేకుల వారు బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బీసీ-ఇలో లేవు కానీ, ఆదాయ పరిమితికి లోబడి ఉంటే ఈడబ్ల్యూఎస్ కింద అర్జీ పెట్టుకోవచ్చు. ధ్రువపత్రం చేతికి వచ్చినా పేరు దగ్గర చిక్కు పడుతుంది. ఆధార్‌లో "షేక్" అని పూర్తిగా, బడి రికార్డులో "ఎస్‌కే" అని పొట్టిగా, రేషన్ కార్డులో "మహమ్మద్"కు బదులు "ఎండీ" అని ఉంటాయి. కౌన్సెలింగ్ రోజున అవి ఒకే మనిషివని నిరూపించడానికి తిరిగే కంటే, పదో తరగతి నామినల్ రోల్స్ బోర్డుకు పంపేముందే ప్రధానోపాధ్యాయుడిని కలిసి ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోవాలి. మెమో అచ్చయిన తరువాత అదే దిద్దుబాటుకు నెలలు పడుతుంది.