బందరు వైపు బండి ఎలా ఉండాలి?

ప్రతి టెక్ ఫెస్ట్‌లోనూ ఒక టీమ్ అయినా 'నేల మీదా, నీళ్లలోనూ నడిచే బండి' పోస్టర్ పెడుతుంది. పోయినేడు పెట్టింది మేమే. అప్పుడు చదువుతుంటే పెగాసో 3550 కనబడింది. 1970లలో స్పెయిన్‌లో తయారైన ఉభయచర లారీ. ఇవాళ దాని పేరు చెబితే ఎవరికీ తెలీదు. జర్మనీ ఆంఫికార్ కూడా అంతే. 1960లలో వచ్చి, నాలుగు వేలు కూడా అమ్ముడవకుండానే ఆగిపోయింది.

కారణం మన ఫ్లూయిడ్ మెకానిక్స్ క్లాసులోనే ఉంది. తేలాలంటే బండికి పడవలాంటి ఒళ్లు కావాలి, రోడ్డు మీద అది బరువు. రోడ్డుకి చక్రాలు కావాలి, నీళ్లలో అవి అడ్డం. ఈ ఖర్చు సైన్యం భరిస్తుంది, రైతు భరించడు.

మరి మన డెల్టాకి ఏం కావాలి? 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. సుమారు పది వేల మంది పోయారు. 1864లో బందరులో పోయినవాళ్లు ముప్పై వేలంటారు. ఇక్కడ ముంపు మనకి ప్రాజెక్టు టాపిక్ కాదు, ఇంట్లో చెప్పుకునే కథ.

గుడివాడ నుంచి బందరు వెళ్తూ ఊడ్పుల రోజుల్లో బస్సు కిటికీలోంచి చూడండి. దమ్ము చక్రాలేసుకుని మోకాల్లోతు బురదలో ట్రాక్టర్ తిరుగుతూనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు కూడా జనాన్ని బయటికి తెచ్చినవాటిలో ట్రాక్టర్లున్నాయి. డ్రైవరు, మెకానిక్కు, స్పేర్ పార్టులు అన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. పెగాసోకి లేని బలం అదే.

అందుకే నా మాట: కొత్త బండి వద్దు, ట్రాక్టర్ వెనకాల ట్రక్కుని తేలేలా చేద్దాం. 200 లీటర్ల డ్రమ్ములు పన్నెండు కడితే అవి 2,400 కేజీలు మోస్తాయి. ఖాళీ ట్రక్కు ఒకటిన్నర టన్ను అనుకున్నా, పదిమందిని ఎక్కించొచ్చు. తాడు కట్టి లాగితే చాలు. పారే ఏట్లో కాదు సుమా, నిలిచిన ముంపులోనే. పక్కకి ఒరుగుతుందా లేదా అన్నది ముందు చెరువులో చూడాలి. ఏటిమొగ రేవులో ఎదురుమొండికి వెళ్లే పంటు చూస్తే, వంతెన లేని ఊరికి తేలే బల్ల విలువేంటో తెలుస్తుంది.

ఈసారి పోస్టర్ పెట్టేవాళ్లు ముందు ఒకసారి నాగాయలంక బస్సెక్కండి. డిజైన్ తర్వాత గీద్దాం.